జంపఖానా పోగుల దిండు

“ఏయ్ పిల్లా, ఆ దిండు ఎటు తీస్కపోతానవ్?”

“చెత్తబండిల ఏస్తాన అత్తమ్మా. జర పక్కకు జరుగుండ్లి.”

“చెత్తబండిలనా? అది నా చేతులతోని కుట్టిన దిండే!”

“మీరు కుట్టిండ్రని నాకెర్కనే. అండ్ల ఎంత దుమ్మున్నదో గూడ ఎర్కనే. పోరి రాత్రంత ముక్కు దాంట్ల పెట్టుకొని పంటాంది.”

“మా ఇంట్ల అందరం గసోంటి దిండ్ల మీదనే పన్నం. నీ మొగణ్ణి గూడ గట్లనే పండవెట్టి పెంచిన. వానికి రాని దమ్ము దీనికెట్లొచ్చె?”

“ఆయనకు రాలే, దీనికొచ్చింది. మిమ్ముల అడిగి వస్తదా ఏంది?”

దిండు ఒక కొస కోడలి చేతిలో, ఇంకో కొస నా చేతిలో. ఇద్దరం గేటు దగ్గర నిలబడి గుంజుకుంటున్నాం. చెత్తబండి పాట ఆపేసి మా ముందే ఆగింది. దాన్ని నడిపే పిల్లవాడు కాసేపు మా ఇద్దరి మొహాలూ చూశాడు.

“అమ్మా, గది తడి చెత్తనా, పొడి చెత్తనా? జల్ది చెప్పుండ్లి, ఇంక మస్తు గల్లీలు తిరగాలె.”

“ఏ చెత్తా కాదు నాయినా, నువ్వు నడువు!” అన్నాను నేను.

ఎదురింటివాళ్ళు నవ్వారు. కోడలికి సిగ్గేసి చెయ్యి వదిలేసింది. దిండు నా గుండెకు వచ్చి తగిలింది. గెలిచినట్టే లోపలికి వచ్చాను. నాకు కోపం కొంచెం ఎక్కువ. ఇంట్లో ఒక్క గుడ్డపేలిక కూడా నన్ను అడగకుండా గడప దాటదు. ఆ సంగతి కోడలికి తెలుసు. తెలిసి కూడా చెత్తబండి దాకా తెచ్చిందంటే ఎంత తెగించిందో నాకు అప్పుడే అర్థం కావలసింది.

ఆ దిండు సంగతి చెప్పాలి. మాది కొత్తవాడ. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో గ్యాస్ పొయ్యి, ఆ వెనక ఇంత వాకిలి. నా కొడుకు జంపఖానాలు నేస్తాడు. నేను గోడకు ఆనుకుని కూర్చుని నూలు కండెలు చుడతాను. జంపఖానా పూర్తయి మగ్గం మీది నుంచి కోసినప్పుడల్లా కొసన జానెడు జానెడు పోగులు మిగులుతాయి. అవి దేనికీ రావు. మగ్గం కింద నూలు పీచు కూడా మెత్తగా పేరుకుంటుంది. కొందరు ఊడ్చి పారేస్తారు. నేను పారేయను. గోనె సంచిలో దాచి, సంచి నిండాక దిండ్లు కుడతాను. మా అత్తగారూ అలాగే చేసేది. కొనుక్కున్న దూది దిండు మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు.

నా మనవరాలు ఉయ్యాల దిగిన నాడు దాని కోసం ప్రత్యేకంగా ఒకటి కుట్టాను. ఎర్రవి, నీలివి, పచ్చవి ఏరి ఏరి నింపాను. పైన గలేబుకు నా పాత నూలు చీర చించాను. దిండు అణిగిపోయినప్పుడల్లా కుట్టు విప్పి ఇంకో గుప్పెడు పోగులు కూరేదాన్ని. ఉతికితే లోపల ఉండలు కడుతుందని ఉతకలేదు, అప్పుడప్పుడు ఎండకు పెట్టాను. పిల్ల పెరిగింది, దిండూ పెరిగింది. దాన్ని కౌగిలించుకోకపోతే ఆ పిల్లకు నిద్ర పట్టదు.

ఆ పిల్లకే దమ్ము, అదే ఆయాసం. బడికి పోయే వయసు రాకముందే మొదలైంది. మొదటిసారి చలికాలంలో, తెల్లవారుతుండగా, దాని డొక్కలు లోపలికి పోతూ బయటికి వస్తూ ఉంటే కడుపునొప్పి అనుకున్నాం. వాము నమిలించాను. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికి పిల్ల నోట మాట లేదు. అక్కడ మూతికి మాస్కు కట్టి మందు ఆవిరి పట్టించారు. ఆ తర్వాత దసరా వెళ్ళిందంటే చాలు మాకు భయం. చలి ముదిరిన కొద్దీ ఆటో, దవాఖాన, మంచం, సూది. పిల్ల బడి పోతుంది, కోడలి పని పోతుంది, మగ్గం ఆగుతుంది. దవాఖాన నుంచి వచ్చిన ప్రతిసారీ పిల్ల ఇంకొంచెం సన్నబడి వచ్చేది.

మొన్నటి వానాకాలం చివర కోడలు పట్టుపట్టి పిల్లల డాక్టర్ దగ్గరికి బయలుదేరింది. “రోగం లేనప్పుడు డాక్టర్ ఎందుకే?” అన్నాను. “రోగం రాకుండ అడగనీకె పోతానం,” అంది. నేనూ వెంట వెళ్ళాను. ఏం రాసిస్తాడో, ఎంత రాసిస్తాడో చూడాలి కదా.

ఆ డాక్టర్ మందు పీల్చే పంపులు రెండు చూపించాడు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు వాడాలి. గోధుమ రంగుది పొద్దున, సాయంత్రం, పిల్ల బాగున్నా సరే వాడాలి, వాడాక నోరు పుక్కిలించాలి. పంపును నేరుగా నోట్లో కొట్టకుండా ఒక ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి పీల్చాలి. ఆ గొట్టాన్ని మనవరాలు డబ్బా అంటుంది.

“మంచిగున్నప్పుడు గూడ మందు పీలిస్తే అలవాటైపోదా సారు?” అని అడిగాను.

ఆయన నా మొహం వైపు చూశాడు. “కండ్లద్దాలు రోజూ పెట్టుకుంటవా అమ్మా, కాలు తట్టుకొని పడ్డప్పుడే పెట్టుకుంటవా?”

నేను అద్దాలు సర్దుకున్నాను. కోడలు అటు తిరిగి నవ్వింది.

ఆయన ఇంకా అడిగాడు. ఇంట్లో పొగ ఉంటుందా, దుమ్ము ఉంటుందా, పిల్ల దేని మీద పడుకుంటుంది అని. దుమ్ము, పొగ ఆ పిల్లకు పడవన్నాడు. రోజూ మందు పీలుస్తూ ఈ రెండింటికీ దూరంగా ఉంటే ఈ చలికాలం దవాఖాన మంచం ఎక్కకుండా గడిచిపోవచ్చు అన్నాడు. కోడలు ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది.

“మెత్తటి దిండు మీద పంటది సారు,” అన్నాను నేను.

“దిండుల ఏమున్నదో గూడ చెప్పుండ్లి అత్తమ్మా.”

నేను ఆమెను ఒక చూపు చూశాను. దిండులో ఏముందో ఆ రోజు డాక్టర్‌కు తెలియలేదు.

ఇంటికి వచ్చాక పంపు మాత్రం రోజూ నడిచింది. నేను గొణిగాను గానీ అడ్డుపడలేదు. దిండు మీద మాత్రం మా ఇద్దరికీ రోజూ పోరే. ఆ పోరే చివరికి చెత్తబండి దాకా వచ్చింది.

ఆ రోజు ఆదివారం. కోడలు బట్టల దుకాణంలో పని చేస్తుంది, ఆదివారమే వాళ్ళకు గిరాకీ. దిండు నా చేతికి వదిలేసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంటూ ఒకే మాట అంది. “మీరూ నేనూ కొట్లాడుకుంటే ఇద్దర్ల ఒకలు గెలుస్తం అత్తమ్మా. దమ్ము తీసేది మాత్రం ఆ పోరే.” వెళ్ళిపోయింది. కొడుకు నేసిన జంపఖానాలు బండి మీద కట్టుకుని సేటు దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో నేనూ మనవరాలూ మిగిలాం.

ఆమె మాట నాకు గుచ్చుకుంది. దిండులో దుమ్మే ఉంటే దులిపితే పోతుంది కదా! జంపఖానాలు మడత పెట్టే ముందు మేం దండెం మీద వేసి కర్రతో దులుపుతాం. నాలుగు దెబ్బలకు పీచంతా రాలిపోయి జంపఖానా నిగనిగలాడుతుంది. దిండునూ అలాగే దులిపి, సాయంత్రం కోడలు వచ్చాక ఆమె కళ్ళ ముందే ఒక దెబ్బ కొట్టి చూపించాలనుకున్నాను. ఏదీ నీ దుమ్ము, చూపించు అని అడగాలనుకున్నాను.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక పిల్లను లోపల రాసుకోమని కూర్చోబెట్టి, దిండును వాకిట్లో దండేనికి కట్టాను. కర్ర తీసి ఒకటి వేశాను.

ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో దిండు నుంచి పొగలాగా లేచింది. ఇంకో దెబ్బ వేశాను, ఇంకా లేచింది. పట్టుదల కొద్దీ కొడుతూనే ఉన్నాను. జంపఖానా దుమ్ము నాలుగు దెబ్బలకు ఆగుతుంది, ఇది ఆగడం లేదు. ఎర్ర పీచు, నీలి పీచు ఎండలో తేలుతూ తులసి కుండీ మీద, ఆరేసిన బట్టల మీద, నా జుట్టు మీద వాలుతోంది. ఇన్నేళ్ళుగా నేను గుప్పెడు గుప్పెడు కూరిందంతా ఎండలో గిరగిర తిరుగుతోంది.

వెనక నుంచి నవ్వు వినిపించింది. మనవరాలు గుమ్మంలో నిలబడి ఉంది.

“నానమ్మా, దిండు బీడీ తాగుతాంది!”

“నిన్ను రాస్కోమంటి కద! లోపటికి పో!”

“నాకొక్కటి కొట్టనియ్యవా?”

“పోతవా, ఈ కర్ర నీ వీపుకు రావాల్నా?”

వెళ్ళింది. వెళుతూ దగ్గింది. లోపలికి వెళ్ళాక కూడా దగ్గింది. కర్ర పట్టుకుని వింటున్నాను. ఆగుతుందిలే అనుకున్నాను, ఆగలేదు. కర్ర అక్కడే పడేసి లోపలికి వెళ్ళేసరికి పిల్ల మగ్గం పక్కన కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించింది. భుజాలు లేస్తున్నాయి. గొంతులో పిల్లికూతలు.

“నానమ్మా... నీలం పంపు.”

పంపులూ డబ్బా ఒక కవర్లో పెట్టి, అందరికీ చెయ్యి అందేలా గోడ మేకుకు తగిలించింది కోడలు. ఆ కవరు చూసి అంతకుముందు రోజే గోడంతా మేకులే చేస్తున్నావని తిట్టాను. ఇప్పుడు వెతకకుండా అందింది. అందీ అందగానే వేగంగా నొక్కబోయాను.

“ఊపు... ముందు ఊపాలె.”

ఊపాను.

“ఇగ డబ్బాకు పెట్టు. ఒక్కసారే నొక్కు. నేను పీలుస్త.” డబ్బా నోట్లో పెట్టుకునే ముందు ఇంకో మాట అంది. “నువ్వు అరవకు.”

నాకే పని చెప్పే ధైర్యం ఆ పిల్లకు ఎప్పుడూ లేదు. నేనూ ఎవరి మాటా అలా విని ఎరగను. నోరు మూసుకుని ఒకసారి నొక్కాను. పిల్ల మెల్లగా పీల్చింది, వదిలింది, మళ్ళీ పీల్చింది. ఊపిరి వెళ్ళినప్పుడల్లా డబ్బాలో చిన్న బిళ్ళ టక్కుమంటుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు విని విసుక్కునేదాన్ని. ఇప్పుడు అది ఎప్పుడు టక్కుమంటుందా అని చెవి పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ ఊపి మళ్ళీ నొక్కాను.

మధ్యలో కోడలికి ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

“పండవెట్టకుండ్లి, కూసోవెట్టుండ్లి. మాట్లాడుతాందా? పెదవుల రంగు మారిందా?”

“మాట్లాడుతాంది. నన్నే అరవకు అంటాంది. పెదవులు మంచిగనే ఉన్నయ్.”

“ఇంకా ఇయ్యుండ్లి, ఒక్కోటే. మెల్లగ. జర సేపు చూడుండ్లి. తగ్గకుంటే ఆటో ఎక్కుండ్లి, ఆగకుండ్లి. నేను సీదా దవాఖానకే వస్త. ఫికర్ చేయకుండ్లి అత్తమ్మా.”

గుమ్మంలోకి వచ్చి పక్కింటి ఆటో అతన్ని కేకేశాను. అతను అన్నం చెయ్యి కడుక్కుని వచ్చి ఆటో మా గేటు దగ్గర పెట్టి కూర్చున్నాడు. నేను పిల్ల దగ్గర కూర్చున్నాను. భుజాలు చూస్తున్నాను, డొక్కలు చూస్తున్నాను. మెల్లమెల్లగా భుజాలు దిగాయి. పిల్లికూత సన్నబడి, ఇంకా సన్నబడి, లోపల్లోపలికి పోయింది. పిల్ల గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

“ఆకలైతాంది నానమ్మా. అటుకులు ఉన్నయా?”

ఆటో అతను “ఇగ పోతాన పెద్దమ్మా, అవసరమైతే పిలువు” అని వెళ్ళిపోయాడు. అతను వట్టి ఆటో తోలుకుపోతుంటే గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. దవాఖాన మంచం మీద తప్ప ఆ పిల్లకు ఊపిరి తిరిగి రాదని నేను గట్టిగా నమ్మాను. ఆ రోజు మా ఇంట్లోనే, మగ్గం పక్కనే తిరిగి వచ్చింది.

ఫోన్లో తగ్గిందని చెప్పినా కోడలు దుకాణంలో నిలవలేక పొద్దుండగానే వచ్చేసింది. వస్తూనే పిల్ల వీపుకు చెవి ఆనించి విన్నది. తర్వాత వాకిట్లోకి వెళ్ళింది. దండేనికి దిండు, కింద కర్ర, తులసి కుండీ మీద రంగురంగుల పీచు. అన్నీ చూసి గుమ్మంలోకి వచ్చింది.

“ఇంక బతికే ఉన్నదా అత్తమ్మా, మీ దిండు?”

“అది పోతది,” అన్నాను.

ఆమెకు నమ్మకం కలగలేదు. “ఏం అన్నరు?”

“దిండు పోతది అన్న. చెవులు వినబడ్తలేవా? గాని ఉత్తగ పోదు. నీ దోమల కాయిలు గూడ పోవాలె.”

“కాయిలేం జేసింది?”

“డాక్టర్ పొగ అన్నప్పుడు నువ్వు గంగిరెద్దు లెక్క తలకాయ ఊపినవ్. ఇంటికొచ్చి పొద్దూకంగనే పోరి మంచం కింద కాయిలు ముట్టిచ్చినవ్. నేను సూస్తలేననుకున్నవా? నాది దుమ్మైతే నీది పొగ.”

కోడలు మాట తడబడింది. “దోమలు కుడితే డెంగీ వస్తది అత్తమ్మా.”

“పెట్టెల దోమతెర ఉన్నది. నా కొడుకు పుట్టినప్పటిది. చిరుగులుంటే కుడ్త, ఉతికి కట్టు. ఇంక ఆ అగర్బత్తులు. పొద్దుకో కట్ట, మాపుకో కట్ట.”

“దేవుని కాడ అగర్బత్తి గూడ వద్దంటరా?”

“దేవునికి పువ్వు పెట్టు, దీపం పెట్టు. ఆయనకు గూడ దమ్ము పట్టియ్యాల్నా ఏంది?”

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నవ్వలేదు, బేరం ఇంకా పూర్తి కాలేదు.

అప్పుడే కొడుకు వచ్చాడు. జరిగిందంతా విని, పిల్ల తల నిమిరి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి బెదిరాడు. “దిండాయె, కాయిలాయె. రేపు నా మగ్గం గూడ చెత్తబండి ఎక్కిస్తరా?”

మగ్గం తిండి పెడుతుంది, దాన్ని కదిలించలేం. అందుకని పిల్లను కదిలించాం. దాని మంచం మగ్గం పక్క నుంచి వెనక గదిలోకి మారింది, మగ్గం గదిలో కొడుకు పడుకోవాలి. నేను కండెలు చుట్టేది వాకిట్లో. మగ్గం కింద చీపురు పెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి, అదీ పిల్ల బడికి వెళ్ళాక. తడిగుడ్డ పని కొడుక్కి అప్పగించాను. మొహం ముడుచుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

అంతా తేలిందనుకుంటే పిల్ల ఏడుపు అందుకుంది. “నా దిండు నన్నడగకుండ పారేస్తరా? అది నాది!”

నిజమే, దాన్ని ఎవరం అడగలేదు. దగ్గరికి పిలిచాను. “ఏడిస్తే మల్ల దగ్గొస్తది, ఊకో. గలేబు నీకే ఉంటది. లోపటి పోగులే పోతయ్. అండ్ల నా నూలు చీర మడత పెట్టి ఇస్త. వారం వారం ఉడుకునీళ్ళల్ల ఉతుకుత. సరేనా?”

“ఏ చీర?”

“నీకేది కావాలె?”

“పచ్చది. నువ్వు కట్టుకునేది.”

ఆ పచ్చ చీర ఇంకా చాలా రోజులు కట్టుకోవచ్చు. చిరుగు లేదు, రంగు పోలేదు. పెట్టెలో చీకిపోయినవి రెండున్నాయి, వాటిలో ఒకటి తీసుకోమందామని నోటిదాకా వచ్చింది. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ నా వైపే చూస్తోంది.

“తీస్కో పో,” అన్నాను.

ఆ చలికాలం అసలు దగ్గే రాలేదని అబద్ధం చెప్పను. మంచు ఎక్కువ పడ్డ రోజుల్లో నీలం పంపు మేకు మీది నుంచి దిగింది. కానీ దవాఖాన మంచం మాత్రం ఎక్కలేదు. డాక్టర్ దగ్గరికి ఆయన రమ్మన్న రోజున, పిల్ల నడుచుకుంటూ వెళ్ళి నడుచుకుంటూ వచ్చింది. దిండులో ఏముండేదో ఆయనకు ఈసారి నేనే చెప్పాను.

ఆదివారం బేరం ముగిసిన మరునాడు పొద్దున జరిగింది ఇది. ముక్కుకు కొంగు కట్టుకుని, దిండును ఇంటికి దూరంగా గల్లీ చివరికి తీసుకుపోయి కుట్టు విప్పాను. పోగులన్నీ గోనె సంచిలో కుక్కి, పెద్దరోడ్డు మీది మెకానిక్ షెడ్డుకు మోసుకుపోయాను. వాళ్ళు గ్రీజు తుడవడానికి ఇలాంటి పోగులే వాడతారు. “ఉత్తగనే ఇస్తానవా అవ్వా?” అన్నాడు మెకానిక్. “ఉత్తగ ఎందుకిస్త? నా కొడుకు బండి తెస్తడు, గాలి కొట్టి చైనుకు నూనె పెట్టు,” అన్నాను. సరేనన్నాడు.

ఇంటికి వచ్చి గలేబు నానబెట్టాను. చెత్తబండి వచ్చింది. ఆ పిల్లవాడు నన్ను చూసి, “దిండు ఈ పొద్దన్న ఇస్తవా అమ్మా?” అని నవ్వాడు. కోడలు లోపలి నుంచి వచ్చి దోమల కాయిళ్ళ డబ్బా బండిలో వేసింది. అందులో ఇంకా ముట్టించనివి ఉన్నాయి. నేను ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాను. బండి కదిలింది.

మనవరాలు గోధుమ రంగు పంపు పీల్చి, వాకిట్లో పుక్కిలించి ఉమ్మి, సంచి వీపుకు తగిలించుకుని బడికి వెళ్ళింది. నా కొడుకు తడిగుడ్డ పిండుకుని మగ్గం కింద తుడవడం మొదలుపెట్టాడు.